ఊరి మ్యాప్ సొంతంగా గీసుకోవడానికి క్యూజీఐఎస్: వాడి చూశాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తా, క్యూజీఐఎస్ అనే మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ నాకు బాగా నచ్చింది, అయినా అందరినీ వాడమని చెప్పను. ఫంక్షన్ హాలుకి దారి చూపించే చిన్న బొమ్మ కావాలంటే కాగితం, పెన్ను చాలు, లేదంటే గూగుల్ మై మ్యాప్స్‌లో నాలుగు పిన్నులు గుచ్చి లింక్ పంపొచ్చు. కానీ మీ ఊరికి ఇప్పటిదాకా ఎవరూ గీయని మ్యాప్ ఒకటి మీ బుర్రలో తిరుగుతుంటే, దాన్ని తెలుగు పేర్లతో, సరైన కొలతలతో, గోడకి వేలాడదీసేంత నీట్‌గా తీయాలని ఉంటే, ఒక్క రూపాయి లైసెన్స్ ఫీజు లేకుండా ఆ పని మొదటి నుంచి చివరిదాకా చేయించగల సాఫ్ట్‌వేర్ నాకు ఇదొక్కటే కనిపించింది.

మాది వరంగల్ జిల్లా నర్సంపేట వైపు. గొలుసుకట్టు చెరువులున్న ఊరు, అంటే పైన చెరువు నిండితే మత్తడి (ఎక్కువైన నీళ్లు పొంగి పోయే చోటు) దూకి కింది కుంటకి, అది నిండితే ఒర్రెలో (చిన్న వాగులో) పడి ఇంకో చెరువుకి. ఫోన్లో మ్యాప్ తెరిస్తే పెద్ద చెరువు ఒక్కటి పేరు లేని నీలం మచ్చలా కనిపిస్తుంది, కుంటలు అసలు లేవు, మత్తళ్లు, తూముల సంగతి అడగొద్దు. అవన్నీ ఊళ్లో పిలిచే పేర్లతో ఒకే షీటు మీదికి తెచ్చి గ్రామ పంచాయతీ గోడకి పెట్టాలని నా ఆశ. ఈ రివ్యూ అంతా ఆ పనిలో ఈ సాఫ్ట్‌వేర్ ఎలా నడిచిందన్న దాని గురించే.

దీని పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో. 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టాడు, అప్పట్లో క్వాంటమ్ జీఐఎస్ అనేవాళ్లు, 2013లో 2.0 వెర్షన్‌తో పేరు క్యూజీఐఎస్‌గా కుదించారు. ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది. విడుదలలకి ఎక్కువగా ఊళ్ల పేర్లు పెడతారు, నేను వాడింది 3.34 ప్రిజ్రెన్, కొసావోలో ఊరట అది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు కొత్త వెర్షన్ జోలికి పోకుండా ఎల్‌టీఆర్ (లాంగ్ టర్మ్ రిలీజ్) అని రాసి ఉన్నది తీసుకోండి, దానికి ఏడాది పొడవునా బగ్గులు సరిచేస్తూ ఉంటారు. ఫైలు ఒక జీబీ పైనే ఉంటుంది, మొబైల్ డేటాతో కూర్చోవద్దు.

తెరవగానే టెన్షన్ వస్తుంది, అందులో దాపరికం లేదు. పైన నాలుగు వరుసల బటన్లు, ఎడమ పక్కన లేయర్ల (పొరల) డబ్బా, మధ్యలో తెల్లటి ఖాళీ. వర్డ్, ఫోటోషాప్ అలవాటున్నవాళ్లు గీత గీద్దామని మౌస్ పట్టుకుంటారు, ఇది గీయనివ్వదు. ముందు లేయర్ చెయ్యాలి, అది చుక్కలదా గీతలదా మూసుకున్న ఆకారాలదా చెప్పాలి, ఏ కొలత పద్ధతిలోనో చెప్పాలి, పెన్సిల్ బొమ్మ నొక్కి ఎడిటింగ్ ఆన్ చెయ్యాలి, అప్పుడే గీత. మొదట్లో చాదస్తంలా అనిపిస్తుంది గానీ, ఇక్కడ మనం గీసే ప్రతి గీతా భూమ్మీద ఒక నిజమైన చోటుకి కట్టుబడి ఉంటుంది కాబట్టి అన్ని ప్రశ్నలు అడుగుతుంది. తర్వాత తర్వాత ఈ పద్ధతే ప్రాణం కాపాడుతుంది, ఎందుకంటే చెరువులు ఒక లేయర్‌లో, దారులు ఒకదాంట్లో, పేర్లు ఇంకోదాంట్లో ఉంటే దేన్నైనా ఆపేసి మిగతావాటితో పని చేసుకోవచ్చు.

అసలు పని డేటా దగ్గర మొదలవుతుంది. క్యూజీఐఎస్‌తో పాటు మ్యాప్ రాదు, మనమే తెచ్చుకోవాలి. నేను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి మొదలుపెట్టా. 2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది, ఎవరైనా ఎక్కించొచ్చు, ఎవరైనా దింపుకోవచ్చు, దాని పేరు మాత్రం మన మ్యాప్ కింద రాయాలి. క్యూజీఐఎస్‌లో క్విక్ఓఎస్‌ఎం అనే ప్లగిన్ (విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకుంటే ఆ డేటా నేరుగా వచ్చి పడుతుంది. హనుమకొండ, కాజీపేట దాకా బాగుంది, గల్లీ రోడ్లు కూడా ఉన్నాయి. వరంగల్ కోట దగ్గర చూస్తే ముచ్చటేస్తుంది, రాతి కోట గుండ్రం, దాని చుట్టూ మట్టి కోట గుండ్రం, మధ్యలో నాలుగు దిక్కులా తోరణాలు. దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసం లోపలిది, 2.4 బయటది. 1:10,000 స్కేలులో (కాగితం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద 100 మీటర్లు) పెడితే రెండూ కలిపి ఒక్క ఏ3 కాగితం మీద హాయిగా ఇముడుతాయి, మొదటిసారి నేర్చుకునేవాళ్లు ఎవరైనా వరంగల్ కోటతో మొదలుపెట్టండి, ఆకారం దానంతటదే అందంగా ఉంటుంది కాబట్టి మ్యాప్ చెడిపోయే అవకాశం తక్కువ.

ఊళ్లలోకి వచ్చేసరికి కథ వేరు. మా మండలంలో రోడ్డు గీతలున్నాయి, పేర్లు లేవు. కాబట్టి తిరగాల్సిందే. దీనికి క్యూఫీల్డ్ అనే ఫోన్ యాప్ ఉంది, ల్యాప్‌టాప్‌లో తయారుచేసిన ప్రాజెక్టుని ఫోన్లోకి ఎక్కించుకుని మత్తడి మీద నిలబడి ఒక చుక్క పెట్టి, ఫోటో తీసి, పేరు రాసి సేవ్ చేసుకోవచ్చు, సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ కంటే ఇదే నాకు ఎక్కువ నచ్చిందేమో. ఫోన్ జీపీఎస్ బయట ఖాళీ జాగాలో నాలుగైదు మీటర్ల తేడాతో చూపిస్తుంది, తాటివనంలోకి పోతే ఇంకా ఎక్కువ, చెరువు పటానికి అది చాలు. తూములు వెతకాలంటే ఎండాకాలం పోవాలి, నీళ్లున్నప్పుడు కొన్ని కనపడవు.

ఒక హెచ్చరిక. ఫోన్ పట్టుకుని కట్టల మీద తిరుగుతుంటే జనం ఊరుకోరు. "ఎవలు పంపిండ్రు బిడ్డా, సర్వేనా? శిఖం భూములు గుంజుకుంటరా?" అని ఒక పెద్దమనిషి ఆపేశాడు. న్యాయమైన భయమే, చెరువు ఎండినప్పుడు శిఖంలో (చెరువు నిండితే మునిగే భూమిలో) సాగు చేసుకునేవాళ్లకి గీత గీసేవాడు ఎవడైనా ఒకటే. కూర్చోబెట్టి ఫోన్లో మ్యాప్ చూపించి, "కాకా, నేను పేర్లు రాస్కుంటున్న, హద్దులు గాదు" అంటే కాసేపటికి ఆయనే నడుచుకుంటూ వచ్చి ఏ కుంట ఎక్కడో చూపించాడు. ఒకే కుంటకి ఆయన ఒక పేరు చెబితే పక్కింటి అవ్వ ఇంకో పేరు చెప్పింది, ఇద్దరూ గొడవ పడ్డారు కూడా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రెండో పేరుకి వేరే గడి ఉంటుంది, తెలుగు పేరుకి వేరే గడి ఉంటుంది, కాబట్టి ఎవరినీ నొప్పించకుండా రెండూ రాసేశా. ఇంటికొచ్చాక గూగుల్ ఉపగ్రహ చిత్రం చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయకండి, లైసెన్స్ ఒప్పుకోదు. బింగ్ చిత్రాలకి అనుమతి ఉంది, ఎడిటర్‌లో అవే వస్తాయి.

ఇప్పుడు చెరువు గట్టు ఎక్కడ గీయాలన్న ప్రశ్న. ఇది వినడానికి చిన్నదే, నాకు మాత్రం మొత్తం పనిలో దీని దగ్గరే ఎక్కువ ఆలోచన పట్టింది. ఉపగ్రహ చిత్రం మే నెలది అయితే చెరువు సగం ఉంటుంది, అక్టోబర్‌ది అయితే మత్తడి దాకా నిండి ఉంటుంది, మనకి తెలియకుండా రెండు కుంటలు వేసవివి, ఒకటి వానాకాలానిది కలిపి గీసేస్తాం. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితం, ఒక పిక్సెల్ 10 మీటర్లు, దాదాపు ఐదు రోజులకోసారి మన మీదుగా పోతాయి. వానలు ఆగాక మబ్బు లేని రోజుది ఒకటి, మేలో ఒకటి దింపి ఒకదాని మీద ఒకటి వేశా. నిండినప్పటి గీతని సన్నగా లేత నీలంతో, వేసవి నీళ్లని ముదురు నీలంతో పెడితే మధ్యలో మిగిలిన పట్టీ ఏదుందో అదే వేసవిలో బయటపడే శిఖం. మాట చెప్పకుండా మ్యాప్ చెప్పేసింది. క్యూజీఐఎస్‌లో ఇలాంటి పొరలు పారదర్శకంగా కలపడం చాలా తేలిక, దీనికి మార్కులు వేయాల్సిందే.

కొలతల దగ్గర మాత్రం జాగ్రత్త, కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఇంటర్నెట్ మ్యాపులు చాలావరకు వెబ్ మెర్కేటర్ అనే పద్ధతిలో ఉంటాయి, భూమధ్యరేఖ నుంచి పైకి పోయే కొద్దీ అన్నిటినీ సాగదీస్తుంది. మన 18 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు 5 శాతం, విస్తీర్ణం 10 శాతం పైన పెరుగుతుంది, అంటే 100 ఎకరాల చెరువు 110 దాటి చూపిస్తుంది. శిఖం లెక్కలంటేనే తలలు పగిలే ఊళ్లో ఆ పదెకరాలు చిన్న విషయం కాదు. మందు ఏంటంటే ప్రాజెక్టుని యూటీఎం 44 ఉత్తరం అనే పద్ధతిలో పెట్టుకోండి, జాబితాలో ఈపీఎస్‌జీ 32644 అని వెతికితే వస్తుంది, వరంగల్, కరీంనగర్, ములుగు అన్నీ ఆ జోన్‌లోనే. ఇంకో చిక్కు, ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో విస్తీర్ణానికి రెండు ఫార్ములాలుంటాయి. డాలర్ గుర్తుతో మొదలయ్యేది భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, రెండోది కాగితం మీద ఉన్నట్టు కొలుస్తుంది. మొదటిదే వాడండి. వచ్చిన చదరపు మీటర్లని 4046.86తో భాగిస్తే ఎకరాలు, 101.17తో భాగిస్తే గుంటలు. 33 అడుగుల చదరమే గుంట కాబట్టి చేతితో కూడా సరిచూసుకోవచ్చు.

పాత మ్యాపులంటే పిచ్చి ఉన్నవాళ్లకి జియోరెఫరెన్సర్ అనే భాగం విడిగా పండగ. స్కాన్ చేసిన పాత పటం తెరిచి, అందులో ఒక గుడినో రైల్వే గేటునో నొక్కి, ఇవాళ్టి మ్యాప్‌లో అదే చోటు నొక్కాలి, అలా నాలుగైదు చోట్లు చూపిస్తే పాత పటం తనంతట తాను తిరిగి, సాగి, ఇప్పటి భూమి మీద కూర్చుంటుంది. ఎంత తేడాతో కూర్చుందో కూడా అంకెల్లో చెబుతుంది. చెట్లు, మట్టి బాటలు ఎంచుకోకండి, గుట్ట మీది బండలు, కట్ట చివరలు, ధ్వజస్తంభాలు ఎంచుకోండి. అమెరికా సైన్యం గత శతాబ్దం నడిమధ్యన అచ్చేసిన మన దేశం పటాలు టెక్సస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది, 1:2,50,000 స్కేలు, మన ప్రాంతంవీ ఉన్నాయి. ఊరి నక్షా బట్ట మీద ఉన్నది దొరికితే ఇంకా మంచిది గానీ, మడతలు పడి గుంజుకుపోయి ఉంటుంది కాబట్టి చోట్లు ఎక్కువ ఇవ్వాలి.

ఇక్కడే ఒక తమాషా. వరంగల్, హనుమకొండల మధ్యలోంచి 18 డిగ్రీల అక్షాంశం పోతుంది, వేయి స్తంభాల గుడి దానికి కాస్త పైన, భద్రకాళి గుడి కాస్త కింద. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు (వివరమైన సర్వే పటాలు) సరిగ్గా ఆ గీత దగ్గరే తెగుతాయి, హనుమకొండ 56ఎన్/12లో, కోట 56ఓ/9లో. రెండూ సంపాదించి అతికించాలి. అతికించాక చూస్తే మొత్తం పటం 150 మీటర్ల పైనే పక్కకి జరిగి ఉంటుంది, గుడి చెరువులో పడుతుంది. స్కానింగ్‌ని తిట్టుకోకండి, ఆ పాత షీట్లు 1830లో జార్జ్ ఎవరెస్ట్ లెక్కగట్టిన భూమి ఆకారం మీద ఆధారపడ్డవి, జీపీఎస్ వాడేది వేరే ఆకారం. క్యూజీఐఎస్ జాబితాలో కల్యాణ్‌పూర్ 1975 అని ఉంటుంది, పాత షీటుకి అది ఇస్తే సర్దుకుంటుంది. ఎవరెస్ట్ అంటే శిఖరమే గుర్తొస్తుంది గానీ, ఆయన సర్వే ఉద్యోగంలో చేరిన కొత్తలో 1819లో కృష్ణా గోదావరుల మధ్య మన అడవుల్లోనే సర్వే చేస్తూ జ్వరంతో మంచం పట్టాడు. ఆయన పేరు ఇన్నేళ్ల తర్వాత నర్సంపేట మండలం చెరువుని పక్కకి జరుపుతుందని ఎవరనుకుంటారు.

గుట్టలు, ఎత్తుపల్లాల గురించి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా ఉచితం, మన ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ భువన్ సైట్‌లో కార్టోశాట్ ఉపగ్రహానిది కూడా దొరుకుతుంది. దాన్ని లోపలికి లాగి హిల్‌షేడ్ (వెలుగునీడల బొమ్మ) అని మార్చితే చాలు, ఇనుపరాతి గుట్టలు కాగితం మీద లేచి నిలబడతాయి. వెలుగు వాయవ్యం నుంచి పడేలా ఉంచండి, దక్షిణం నుంచి పెడితే కంటికి గుట్ట గుంతలా, లోయ గట్టులా తోస్తుంది. మన దేశంలో సూర్యుడు వాయవ్యం నుంచి అలా కొట్టేది అరుదు, అయినా పటాల మీద ఆచారం అది. ఈ పొర మీద మిగతా రంగులు మల్టిప్లై అనే పద్ధతిలో వేస్తే రంగు మాసిపోకుండా నీడ వస్తుంది.

కానీ ఈ డేటాతో చెరువు లెక్కలు వేయకండి. ఒక్కో గడి 30 మీటర్ల చదరం, అంటే దాదాపు 9 గుంటలకి ఒకే ఎత్తు, అందులోనూ కొన్ని మీటర్ల తేడా. మా ఊరి చెరువు కట్ట దాంట్లో కనపడదు. వాన పడితే ఏ వీధి మునుగుతుందో దీంతో చెప్పేస్తామనేవాళ్లని నమ్మొద్దు, 2020 ఆగస్టులో, 2023 జులైలో హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు ఇలాంటి పటాలు వాట్సాప్‌లో చాలా తిరిగాయి, నాలా మీద కట్టిన గోడలేవీ ఆ గడుల్లో లేవు. పెద్ద స్కేలులో నీటి వాలు చూడాలంటే మాత్రం అద్భుతంగా పనికొస్తుంది. మన ఉమ్మడి జిల్లాలో పాఖాల నీళ్లు మున్నేరు దారిన కృష్ణకి పోతాయి, రామప్ప, లక్నవరం వైపు నీళ్లు గోదావరికి పోతాయి. ఆ రెండింటి మధ్య విభజన గీత ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ చేత గీయించి చూసుకుంటే, చిన్నప్పటి నుంచి బస్సులో దాటుతున్న మిట్ట ఒకటి రెండు నదుల సరిహద్దు అని తెలిసి నేను ఒకటికి రెండుసార్లు చూసుకున్నా.

డిజైన్ గురించి రాయకపోతే రివ్యూ సగమే. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రంగులు ఎప్పుడూ చెడ్డవే, కొత్త లేయర్ వేసిన ప్రతిసారీ ఏదో ఒక గులాబీనో ఆవపచ్చో తనే ఎంచుకుంటుంది. లోపల కలర్‌బ్రూవర్ అని రంగుల వరుసలున్నాయి, సింథియా బ్రూవర్ అనే కార్టోగ్రాఫర్ పటాల కోసమే తయారుచేసినవి, అవి వాడండి. అంతకంటే ముఖ్యం తీసేయడం. కరెంటు లైన్లు, సెల్ టవర్లు, ప్రతి బోరుబావి, ప్రతి పొలం గెట్టు అన్నీ దగ్గరుంటే అన్నీ పెట్టాలనిపిస్తుంది. చెరువుల పటంలో చెరువులు కనపడాలంటే రోడ్లు బూడిద రంగులోకి వెళ్లిపోవాలి, ఇళ్లు ఒక లేత మచ్చగా మారాలి, ఒర్రె గీత మాత్రం అసలు వెడల్పు కంటే లావుగా పెట్టాలి. 1:10,000లో మూడు మీటర్ల ఒర్రె అంటే కాగితం మీద 0.3 మిల్లీమీటర్లు, నిజాయితీగా గీస్తే కనపడదు. ఈ నిర్ణయాలు ఏ సాఫ్ట్‌వేరూ తీసుకోదు. స్కేలుని బట్టి కొన్ని పేర్లు దాచే సెట్టింగులు మాత్రం చక్కగా ఉన్నాయి.

తెలుగు అక్షరాల సంగతి చాలామంది అడుగుతారు. బాగానే వస్తాయి, ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. వాగు పేరుని వాగు వంపు వెంట రాయాలనుకుంటే పాత వెర్షన్లలో అక్షరాలు చెల్లాచెదురయ్యేవి, ఇప్పటివాటిలో కుదురుతోంది. ఫాంట్ విషయానికొస్తే చిన్న పేర్లకి మండలి, చెరువుల పెద్ద పేర్లకి రామభద్ర వాడాను. ఇంగ్లీష్ లేబుల్‌కి వదిలినంత ఖాళీ వదిలితే తెలుగుకి సరిపోదు, పైన గుడి, కింద ఒత్తు రెండూ ఉంటాయి కదా, సైజు ఒక మెట్టు పెంచి, చుట్టూ సన్నటి తెల్ల అంచు ఇవ్వండి.

ప్రింట్ దగ్గర నాకు చుక్కలు కనిపించాయి. హనుమకొండలో ఒక ఫ్లెక్స్ షాపుకి పీడీఎఫ్ పంపితే వాళ్లు దాన్ని తమ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచారు, వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేదు, చెరువుల పేర్లన్నీ విరిగిపోయి అచ్చయ్యాయి. "అన్నా, ఒత్తులన్నీ పోయినయ్ చూడు" అంటే "ఫైల్ల అట్లనే ఉన్నయ్ తమ్మీ" అన్నాడు, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాలని గీతలుగా మార్చి పంపమనే ఆప్షన్ క్యూజీఐఎస్‌లోనే ఉంది, అది ఎంచుకుంటే ఏ షాపులోనైనా పేర్లు చెక్కుచెదరవు. ఇంకో మాట, "పేజీకి సరిపోయేలా" అని వాళ్లు సైజు మారిస్తే స్కేలు పోతుంది. అందుకే కింద 1:10,000 అని అంకె మాత్రమే రాసి ఊరుకోకుండా స్కేలు పట్టీ కూడా గీయండి, సైజు మారినా పట్టీ దాంతో పాటే మారుతుంది.

జిల్లా సరిహద్దుల మీద నాకు కోపం ఉంది, అది క్యూజీఐఎస్ తప్పు కాదనుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే సరిహద్దు ఫైళ్లలో చాలా వాటిలో ఇంకా పాత వరంగల్ జిల్లానే ఉంది. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు విడిపోయింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా పేర్లు మారాయి. ఇక 2011 జనాభా లెక్కలు ఇప్పటి మండలాలకి అతికించాలంటే ఊరూరా చూసుకుంటూ చేతితో చేయాల్సిందే. మ్యాప్ గీసేముందు ఫైలు ఏ ఏడాదిదో చూసుకోండి.

లోపాలు కొన్ని ఊరికే వదిలేసేవి కావు. ప్రాజెక్టుకి ఆటోసేవ్ లేదు, ప్లగిన్ వేసుకోవాలి, కరెంటు పోయే ఊళ్లలో డెస్క్‌టాప్ మీద చేసేవాళ్లకి ఇది ప్రాణాంతకం. తాత్కాలిక లేయర్లు అని ఉంటాయి, ముద్దుగా పనిచేస్తాయి, మూసేస్తే మాయమవుతాయి. షేప్‌ఫైల్ అనే పాత ఫార్మాట్ ఇంకా అన్నిచోట్లా ఎదురవుతుంది, అది ఒక ఫైలు కాదు, నాలుగైదు ఫైళ్ల గుంపు, మిత్రులు వాట్సాప్‌లో ఒకటే పంపి తెరవట్లేదంటారు, పైగా కాలమ్ పేరు పది అక్షరాలు దాటకూడదు, అక్షరాల కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలు. జియోప్యాకేజ్ అనే కొత్త ఫార్మాట్‌లో సేవ్ చేసుకుంటే ఈ గోల లేదు. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఉపగ్రహ చిత్రాలు తెరిస్తే మౌస్ కూడా కదలదు, 8 ఉంటే నడుస్తుంది.

వేరేవాటితో పోలిస్తే, ఆర్క్‌జీఐఎస్ డబ్బులు కట్టి ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో వాడే సాఫ్ట్‌వేర్, మెరుగులు ఎక్కువ, మన జేబుకి కాదు. మై మ్యాప్స్ పది లేయర్ల దగ్గర ఆగిపోతుంది, ప్రింట్‌కి పనికిరాదు. చేతితో గీసే ఇష్టం ఉన్నవాళ్లు దీన్ని సగం దారిలో వాడుకోవచ్చు, బేస్ మ్యాప్‌ని లేత బూడిదలో ప్రింట్ తీసి, మీద ట్రేసింగ్ పేపర్ వేసి ఇంకు పెన్నుతో గీస్తే కొలతలు సాఫ్ట్‌వేర్‌వి, గీత మీది. ఇంకోసారి నేను అలాగే చేద్దామనుకుంటున్నా.

చట్టం సంగతి అడిగేవాళ్లకి, 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత మన దేశస్థులు మ్యాపులు తయారు చేసుకోవడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదు, సున్నితమైన చోట్ల మీద ఆంక్షలు మాత్రం ఉన్నాయి. అలాగని ఈ పటం పట్టుకుని గెట్టు పంచాయితీకి పోకండి. దానికి సర్వేయర్ రావాల్సిందే, ఫోన్ జీపీఎస్ నాలుగు మీటర్ల తేడాతో అన్నదమ్ములు విడిపోతారు.

నా లెక్కలో ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒకటి ఆటోసేవ్‌కీ, మొదట్లో పెట్టిన టెన్షన్‌కీ. పంచాయతీ గోడ మీద పటం పెట్టాక ఒక మత్తడి పేరు తప్పుందని ఇద్దరు చెప్పారు, మూడో ఆయన కాదన్నాడు, కాబట్టి ఫైలు ఇంకా తెరిచే ఉంది.